అరవై నాలుగో మేకు

లాగోస్,
9 నవంబరు 1980.

అమ్మాయి పద్మకుమారికి సూర్యం మావయ్య రాస్తున్నది.

ముందు క్షేమం రాయాలని, నాకు అక్షరాలు నేర్పినప్పుడు నువ్వే చెప్పేవు. అప్పుడు నీకు పదేళ్లు, నాకు ముప్పై మూడు. ఒత్తులు మర్చిపోతే చెవి మెలిపెట్టేదానివి. అందుకని క్షేమమే ముందు. జ్వరం తగ్గింది. బియ్యం దొరుకుతున్నాయి. ఇక్కడి మిరపకాయ మన మిరపకాయకి పెద్దన్న.

మన రైల్వే వాళ్లం వచ్చి ఏడాది దాటింది. ఇంజన్లు మన టాటానగర్ షెడ్డులోవాటిలాగే ఉన్నాయి, అవే రోగాలు. అది కాదు సంగతి. మొన్న ఒక పెట్టె ఓడకి ఎక్కించేను. కలకత్తా మీదుగా మీ ఇంటికి వస్తుంది. లోపల మీ అమ్మకీ, మీ అత్త జోగమ్మకీ పూల గుడ్డలు, కొన్ని పింగాణీ గిన్నెలు, ఒక టేపు రికార్డరు ఉన్నాయి. కాని అసలు సరుకు పెట్టే.

ఇక్కడ ఇరోకో అని ఒక కర్ర ఉంది. మనకి టేకు ఎలాగో వీళ్లకి ఇది అలాగ. పడవలకీ, రేవు గట్లకీ, తలుపులకీ, మా వర్క్‌షాపులో పనిబల్లలకీ అన్నిటికీ ఇదే. చెద పట్టదు, వానకి కుళ్లదు. విడిగా కర్ర పంపితే రేవులో సవాలక్ష ప్రశ్నలు. పెట్టెగా కొట్టి పంపితే ఎవరూ అడగరు. గిన్నెల పేరు చెప్పి మన వాళ్లందరూ ఇంటికి తలుపులు పంపేది ఇలాగే.

అడుగున రెండు దూలాలు వేయించేను. ఒక్కోటి ఆరడుగుల పొడవు, జానెడు మందం. వాటి మీద పలకలు. లసిసి అని ఇక్కడి వడ్రంగి, నాకు స్నేహితుడు, చేసి పెట్టేడు. ఈ ముక్క బావకి, అదే మీ అయ్యకి, గట్టిగా చదివి చెప్పు. నాలుగంగుళాల మేకులు అరవై నాలుగు కొట్టేం. స్టోరులో లెక్కపెట్టి తీసుకున్నాను. అరవై నాలుగూ లాగేకనే ఆ దూలాల్ని రంపం మిషను ఎక్కించాలి.

మీ వీధి తలుపు చెదలు తినేశాయి గదా, దీంతో కొత్తది చేయించమను. పెట్టె ముక్కలు పొయ్యిలో పెట్టకండి.

నీ శిష్యుడు,
సూర్యం


బర్మామైన్స్, జంషెడ్‌పూర్,
18 జనవరి 1981.

మావయ్యకి పద్మ నమస్కారాలు.

పెట్టె చేరింది. స్టేషన్ నుంచి తోపుడు బండి మీద తెస్తుంటే మా గల్లీ అంతా వెనకే వచ్చింది. జోగమ్మత్త పర్సుడీహ్ నుంచి రిక్షా కట్టించుకుని వచ్చి, మూత తీసేవరకూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. గుడ్డలు బాగున్నాయంది. గిన్నెలు లెక్కపెట్టింది. తర్వాత ఖాళీ పెట్టెలో తల పెట్టి చూసి, "ఇంతేనేటి? దేశం కాని దేశం ఎల్లినోడు గిన్నిలంపుతాడేటి? ఈ దూలాల్లో ఏటో దాసుంటాడు" అంది. నవ్వుతూనే అంది గాని, దూలాన్ని వేలితో రెండుసార్లు కొట్టి చెవి ఆనించి విన్నది.

అయ్య రెండు సాయంత్రాలు కూర్చుని మేకులు లాగాడు. ఒక్కొక్కటీ సుత్తితో సాపు చేసి డాల్డా డబ్బాలో వేశాడు. మావయ్యా, అవి అరవై మూడే. నేను లెక్కపెట్టాను, అమ్మ లెక్కపెట్టింది. జోగమ్మత్త లెక్కపెడితే అరవై ఒకటి వచ్చాయి, ఆ లెక్క వదిలెయ్. అయ్య రెండు దూలాలూ నాలుగు వైపులా అరచేత్తో తడిమి, "ఇందల ఇనుం లేదు" అనేశాడు. ముప్పై ఏళ్లుగా జుగ్సలాయి ఆరా మిషన్లో, ఆ కోత మిల్లులో, తన చెయ్యి దాటి ఒక్క మేకు కూడా బ్లేడు దాకా పోలేదన్నది అయ్య గొప్ప, నీకు తెలిసిందే. కాబట్టి నీ లెక్కే తప్పయి ఉండాలి. ఒకసారి గుర్తు చేసుకుని రాయి.

ఇక కర్ర గురించి. అయ్య ఒక మూల చిన్న రంపంతో కోశాడు. పసుపు కొమ్ము విరిచినట్టు ఉంది లోపల. వాసన చూశాడు, నాలుక ఆనించాడు. "ఇది మన పనసకి సుట్టం" అన్నాడు. ఆఫ్రికా చెట్టుకీ ఉద్దానం పనసకీ చుట్టరికం ఏమిటని నేను నవ్వేశాను. "సదువుకున్నోళ్లకి పుస్తకం సెప్తాది. నాకు సెయ్యి సెప్తాది" అన్నాడు. నిజమేనా? ఆ చెట్టుకి పనసలాగ పాలు కారతాయా? కాయ ఎలాగుంటుంది? చిన్న ముక్క కాలేజీకి తీసుకెళ్లి తూచాను. అంతే పరిమాణం నీటి బరువులో మూడింట రెండు వంతులే ఉంది. చూడ్డానికి ఇనుములా ఉండి ఇంత తేలికేమిటి? ఇంకో సంగతి, ఆ పొట్టు పడితే మా అందరికీ ఒకటే తుమ్ములు. పొట్టు జోలికి పోని పక్కింటి అసిరమ్మ కూడా తుమ్మింది.

అయ్య నిన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నేల నుంచి నా మోచేతి దాకా దారంతో కొలిచి ముడి వేసుకున్నాడు. ఎందుకంటే చెప్పడు.

జవాబులో నా ప్రశ్నలు ఒక్కటీ వదలకు.

నీ మేనకోడలు,
పద్మ


లాగోస్,
10 ఫిబ్రవరి 1981.

అమ్మాయి పద్మకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు జీతం వచ్చినంత సంబరం. మేకులు అరవై నాలుగే. షెడ్డులో నట్లు లెక్కపెట్టి బతికినవాణ్ని, నాకు లెక్క తప్పదు. బావని మళ్లీ తడమమను.

పనస సంగతి లసిసికి చెప్పలేక బొమ్మ గీసి చూపించేను. అంత కాయ చెట్టు మొద్దుకే కాస్తుందంటే నేను అబద్ధాలకోరునని తేల్చేడు. ఇరోకో కాయ చిటికెన వేలంత ఉంటుంది. పాలు మాత్రం కారతాయట. అయినా బావకి చెప్పు, ప్రతి పచ్చ కర్రా పనస అయిపోదని.

ఆ పసుపు రంగు ఉండదు. వెలుతురు తగిలిన కొద్దీ గోధుమ రంగుకి తిరిగి, తర్వాత బాగా ముదురుతుంది. పొట్టుకి తుమ్ములు ఇక్కడివాళ్లకీ వస్తాయి. కోసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమను.

ఈ చెట్టులో ఎవరో ఉంటారని ఇక్కడివాళ్ల నమ్మకం. ఊరికే నరకరు. ముందు చెప్పుకుని, ఇవ్వాల్సింది ఇచ్చి, అప్పుడు గొడ్డలి వేస్తారు. చెప్పకుండా నరికితే ఆ కర్ర ఇంట్లో చప్పుళ్లు చేస్తుందట. మన చెట్టుకి ఎవరైనా చెప్పేరా అని లసిసిని అడిగితే, అడితిలో కొన్న కర్రకి నన్నడుగుతావేం అన్నాడు. ఈ పేరా మీ అమ్మ దగ్గర పైకి చదవకు.

తలుపు ఎంతవరకూ వచ్చింది?

నీ శిష్యుడు,
సూర్యం


బర్మామైన్స్,
16 ఫిబ్రవరి 1981.

మావయ్యకి,

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. మనసు బాగా లేదు.

పోయిన శనివారం పని అయ్యాక, మిల్లు యజమాని సేఠ్‌జీని అడిగి అయ్య మొదటి దూలాన్ని మిషను ఎక్కించాడు. పాత కర్ర తెచ్చినవాళ్లు లాగిన మేకుల్ని బ్లేడు పక్కనే పెట్టడం ఆ మిల్లు రివాజు. ఇనుము బయటే ఉంది అని మిషనుకి మాట ఇచ్చినట్టు. అయ్య డాల్డా డబ్బా అక్కడ పెట్టాడు. సగం దాకా బాగానే కోసిందట. అప్పుడు తుపాకి పేలినట్టు చప్పుడు. బ్లేడుకి ఏడు పళ్లు ఎగిరిపోయాయి, బ్లేడు అడ్డంగా చీలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

సేఠ్‌జీ వచ్చి డబ్బాలో మేకులెన్ని అని అడిగాడు. అయ్య కింద పనిచేసే బలరామ్ ఉన్నాడు గదా, వాళ్లది జోగమ్మత్త వీధే. "ఏక్ కమ్ థా సేఠ్‌జీ" అనేశాడు. ఒకటి తగ్గిన సంగతి పర్సుడీహ్ కుళాయి దగ్గర అందరికీ తెలుసట, మన అత్త పుణ్యాన. సేఠ్‌జీ కేకలెయ్యలేదు. కేకలేసినా బాగుండేది. "వయసైపోయింది పోలరాజూ. చెయ్యి మాట విననప్పుడు మనిషేం చేస్తాడు" అని హిందీలో మెల్లగా అన్నాడట. సోమవారం నుంచి మిషను మీద బలరామ్. అయ్య యార్డులో పలకలు పేరుస్తున్నాడు.

ఆ దూలం యార్డులోనే పడి ఉంది. కోసిన గాటు సన్నం, లోపల ఏముందో కనబడదు. చీల్చి చూడమన్నాను.

"వద్దు" అన్నాడు.

"ఏటయ్యా, సూస్తే తెలిసిపోద్ది గదా?"

"తెలిసిపోద్ది. అందుకే వద్దు."

అప్పుడు నేనొక మాటన్నాను మావయ్యా. దాన్నే తలుచుకుంటున్నాను. "సాయంత్రం వెలుతురు చాలలేదేమో అయ్యా, ఒకటి తప్పిపోయి ఉంటుంది" అన్నాను. ఓదార్పుగానే అన్నాను. అయ్య తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. చదువుకున్న కూతురు కూడా మేకే అంది గనక ఇక మేకే అన్నట్టు చూసుకున్నాడు. ఆ రోజు నుంచి పేపరు చదివి చెప్పమని నన్ను అడగడం లేదు. మిషను దగ్గరికి మళ్లీ వెళ్లకపోతే ఈ మనిషి మిగలడు.

అందుకని నిజం రాయి. అరవై నాలుగు నిజమేనా? ఇంకొకటి. జోగమ్మత్త బంగారమే తగిలిందని అంటోంది. నేను నమ్మను. అయినా అడగాలి. దూలంలో ఏమైనా దాచావా?

పద్మ


లాగోస్,
14 మార్చి 1981.

పద్మకుమారికి,

బంగారమా! ఇక్కడ పొద్దున్న లేచి గ్రీజులో చేతులు పెట్టి, సాయంత్రం కిరసనాయిలుతో కడుక్కునేవాడికి బంగారమా! మీ అత్త అన్నదంటే అన్నది. నువ్వు కాగితం మీద పెట్టి అడిగేవు. మేకులు అరవై నాలుగు. ఇంకొక్కసారి అడక్కు. బావ చెయ్యి తప్పిందో, ఏమైందో నాకేం తెలుసు.

పైది రాసి నాలుగు రోజులు పోస్టులో వెయ్యకుండా ఉంచేను. చింపేద్దామనుకున్నాను గాని, కోపం వచ్చిన సంగతి నీకు తెలియాలని ఉంచుతున్నాను. అడగడం నీ తప్పు కాదు. తండ్రి కోసం అడిగేవు.

నిన్న లసిసికి చేతులతో చూపించి చెప్పేను, ఇలాగ సగం కోసింది, ఇలాగ పేలింది అని. వాడు నవ్వడం మొదలెట్టేడు. నాకు మండింది. లోపలికి వెళ్లి అటక మీంచి కోడిగుడ్డంత తెల్లరాయి తెచ్చి నా చేతిలో పెట్టేడు. "ఇరోకో" అన్నాడు. అది చెట్టులో దొరికిన రాయి పద్మా! ఎవరూ పెట్టింది కాదు. చెట్టుకి ఎక్కడైనా గాయమైతే, నేలలోంచి పీల్చిన సున్నం ఆ తొర్రలో పేరుకుని రాయి కడుతుందట. మనిషి కడుపులో రాయి కట్టినట్టు. పైన కర్ర పెరిగి మూసుకుపోతుంది. అన్ని చెట్లకీ ఉండదు. ఉన్నదాన్ని పైనుంచి కనిపెట్టడం కష్టం. లసిసివి నాలుగు రంపాలు పోయాయట. ముందే ఎందుకు చెప్పలేదంటే, ఇరోకోలో రాయి ఉంటుందని తెలియని వడ్రంగి ఉంటాడని వాడికి తెలియదట.

బావకి ఇది చదువు. కోసిన ముఖం తడిపి చూస్తే, రాయి ఉన్నచోట చుట్టూ కర్ర నల్లగా ఉంటుంది, నెత్తురు కమిలినట్టు. అది చూసుకుని కొయ్యాలి.

చెయ్యి ఇనుము లేదంది. ఇనుము లేదు. రాయి ఉందా లేదా అని బావ చేతిని ఎవరూ ఎప్పుడూ అడగలేదు గదా.

సూర్యం


బర్మామైన్స్,
9 ఏప్రిల్ 1981.

మావయ్యకి పద్మ అనేక నమస్కారాలు.

'పైకి చదవకు' అన్నది పేరా మొదట రాయాలి మావయ్యా, చివర కాదు. నీ ఫిబ్రవరి ఉత్తరం అమ్మ ముందూ జోగమ్మత్త ముందూ పైకే చదివాను. చెట్టులో ఎవరో ఉంటారని వినగానే అత్త బంగారం వదిలేసి అతన్ని పట్టుకుంది. "ఆడే బ్లేడు ఇరిసేడు" అని తేల్చింది. అమ్మ పసుపూ కుంకుమా ఇచ్చి, దూలానికి బొట్టు పెట్టి రమ్మని అయ్యని పోరింది. అయ్య ఆ పొట్లం గూట్లో పెట్టి యార్డుకి వెళ్లిపోయాడు.

రెండో ఉత్తరం పోయిన మంగళవారం వచ్చింది. ఈసారి ముందు నేను చదువుకుని, అయ్యని ఒక్కణ్నే కూర్చోబెట్టి చదివాను. నెత్తురు కమిలినట్టు అన్న చోట ఆపి, "మళ్లీ సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. లేచి చొక్కా వేసుకున్నాడు. "పద" అన్నాడు.

మిల్లులో సేఠ్‌జీ పాన్ నములుతూ ఉన్నాడు. ఉత్తరం హిందీలో చెప్పాను. చెట్టులో రాయేమిటని నవ్వి, సరే చీల్చమన్నాడు. బలరామ్, మిగతా పనివాళ్లు చుట్టూ మూగారు. అయ్య గాటులో ఇనప ఉలి పెట్టి సుత్తి ఎత్తి, ఆగిపోయాడు. నా వైపు వంగి, "మేకయితే?" అన్నాడు. నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"మేకయితే మేకే. నానిక్కడే ఉంటాను అయ్యా."

కొట్టాడు. మూడో దెబ్బకి దూలం రెండుగా విడిపోయింది. మధ్యలో గుడ్డంత తెల్లరాయి, దానిలో దిగబడిన బ్లేడు పన్ను. చుట్టూ కర్ర నల్లగా, నువ్వు రాసినట్టే. అయ్య దాన్ని వేలితో తాకి చూశాడు.

సేఠ్‌జీ ఓడిపోయే మనిషి కాదు. ఎవరో రాయి దూర్చి మూశారన్నాడు. నేను గేటు దగ్గర షర్బత్ బండి నుంచి నిమ్మకాయ తెచ్చి, రాయిని కాస్త గీకి ఆ పొడి మీద పిండాను. బుసబుసా పొంగింది. కాలేజీలో రమాదేవి మేడమ్ యాసిడ్‌తో చూపిస్తారు. నిమ్మకాయకీ పొంగుతుందని నా నమ్మకం, అంతే. ఇది సున్నపురాయి, ఈ సున్నం చెట్టు తాగిందే అని చెప్పాను. సేఠ్‌జీ నములుతున్నది ఆపి, "చూనా? తో పేడ్ భీ పాన్ ఖాతా హై క్యా?" అన్నాడు. చెట్టు కూడా పాన్ వేసుకుంటుందా అని! అందరూ పగలబడి నవ్వారు.

నవ్వు ఆగాక, "రాయి సరే. ఒక మేకు తక్కువేగా? అదేదీ?" అన్నాడు.

నువ్వేమో అరవై నాలుగే అని ఒట్టేశావు. అయ్య అన్నాడు, తన హిందీలో: "దూస్‌రా చఢాతా హూఁ. కీల్ నిక్లా తో కల్ సే నహీ ఆయేగా." రెండో దూలం ఎక్కిస్తాను, మేకు బయటపడితే రేపటి నుంచి రాను, అని. వద్దు అయ్యా అని నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నాడు.

దూలం చివరలు తడిగుడ్డతో తుడిచాడు. నాలుగు వైపులా తడిమాడు, తడుముతూ సుత్తి పిడితో తట్టి విన్నాడు. ఒక చివర సన్నటి నల్లని నీడ. దాని చుట్టూ సుద్దతో గుండ్రంగా గీశాడు. అక్కడిదాకా ముక్క వేరు చేసి, మిగతాది తానే మిషను మీద కోశాడు. పలక తర్వాత పలక జారి వస్తుంటే నేను చప్పుడు కోసం కాచుకుని కూర్చున్నాను. చప్పుడు రాలేదు. మేకూ రాలేదు. సుద్ద గీసిన ముక్కని చీలిస్తే లోపల ఉసిరికాయంత రాయి.

సేఠ్‌జీ ఆ రాయిని జేబులో వేసుకున్నాడు. పోతూ పోతూ, "సుబహ్ టైమ్ పే ఆనా, మిషన్ పే" అన్నాడు, పొద్దున్నే వేళకి మిషను మీదికి రమ్మని. బలరామ్ డబ్బా తెచ్చి అయ్య చేతికిచ్చి, "కాకా, ఆ నల్లది నాకు మళ్లీ చూపించవా" అని అడిగాడు. అయ్య చూపించాడు, చాలాసేపు.

మర్నాడు లైబ్రరీలో కలప మీద పాత పుస్తకం వెతికి పట్టుకున్నాను. మొదటి రోజే వెతకవలసింది. ఇరోకో, పనస, మేడి, అన్నీ ఒకే కుటుంబం. నీ పరిహాసం, నా నవ్వు రెండూ వెనక్కి తీసుకోవాలి. అయ్య ఎదురుగా నిలబడి ఆ వాక్యం తెలుగు చేసి చదివాను. "ఐతే పుస్తకానికి కూడా సెయ్యుందన్న మాట" అన్నాడు.

ప్రయోగశాలల్లో బల్లలకి ఈ కర్ర వాడతారని కూడా అందులో ఉంది. ఎందుకు చెబుతున్నానంటే, తలుపు రాలేదు మావయ్యా. అమ్మ "తలుపేదీ?" అని అడిగితే, అయ్య "సెద తిన్న తలుపు ఇంకో ఏడాది నిలబడతాది. పరీచ్చ నిలబడదు" అన్నాడు. ఆ దారం ముడి నా మోచేతి ఎత్తు. ఇన్నాళ్లూ రేకు పెట్టె మీద వంగి చదువుకున్నాను గదా. ఈ ఉత్తరం బల్ల మీద రాస్తున్నాను. ఆ శనివారం అయ్య మిషను ఎక్కించింది నా బల్లని.

కెమిస్ట్రీ పుస్తకం నాలుగు రోజులు కదపకుండా ఉంచాను. ఇప్పుడు తీస్తే బల్లంతా తేనె రంగుకి తిరిగింది, పుస్తకం కింద మాత్రం పసుపు పచ్చగా ఉంది. మరక పడిందని అమ్మ తిట్టింది. దాన్ని పోగొట్టుకోవాలని లేదు గాని, వెలుతురు ఊరుకోదు.

అయ్యకి పేపరు నిన్నటి నుంచి మళ్లీ చదువుతున్నాను. కాని ఆ మేకు ఏమైనట్టు?

నీ పంతులమ్మ,
పద్మ


లాగోస్,
4 మే 1981.

పంతులమ్మ గారికి,

క్షేమం తర్వాత రాస్తాను. మేకు దొరికింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, ఎప్పటిలాగే తీగకి గుచ్చడానికి గోడ దగ్గరికి వెళ్లేను. నీ ఉత్తరాలన్నీ తేదీల వరస తప్పకుండా ఆ తీగకే గుచ్చి ఉంచుతాను. గుచ్చేక తీగ వేలాడుతున్న చోటు వైపు చూసి అలాగే నిలబడిపోయేను. నాలుగంగుళాల మేకు. పెట్టె కొట్టిన రోజు సాయంత్రం, ఆఖరి మేకు చేతిలో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. అది చదివి, మేకు గోడకి కొట్టి, ఉత్తరం తగిలించేను. పెట్టెకి పట్టింది అరవై మూడే. ఆరు నెలలుగా రోజూ దాని కిందే పడుకుంటూ నీకు అరవై నాలుగని ఒట్లు రాసేను.

బావతో నా మాటగా చెప్పు. ఆయన చెయ్యి రైటు. పనస చుట్టరికమూ రైటు. నా లెక్కే తప్పు. లసిసికి చెబితే, ఈసారి మీ బావ చెయ్యి పంపమన్నాడు, పెట్టెలో పెట్టి.

మేకు లాగి కవర్లో పంపుదామని పటకారు తెచ్చేను. లాగితే నీ ఉత్తరాలు కింద పడతాయి. డబ్బాలో ఒక మేకుకి చోటుంచమను. నేను వచ్చేటప్పుడు తెస్తాను.

నీ శిష్యుడు,
సూర్యం